మూత్రపిండంలో రక్తప్రవాహ, వడపోతల నియంత్రణ – ఎండలో పనిచేసే వ్యవసాయ కార్మికుల దృష్ట్యా ఒక పరిశీలన

సారాంశం

మానవ శరీర బరువులో అర శాతం కూడా లేని మూత్రపిండాలు గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా స్వీకరిస్తాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో 99 శాతాన్ని తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. రక్తపీడనం ఒక పరిధిలో ఎంత మారినా ఈ వడపోత దాదాపు స్థిరంగా ఉండేటట్లు ధమనికల కండరాలు, నాళికలలోని లవణ గ్రాహక కణాలు, హార్మోన్లు, నాడులు కలిసి నియంత్రిస్తాయి. తీవ్రమైన ఎండ, కాయకష్టం, నీటి కొరత, నొప్పి నివారణ మాత్రలు ఒకేసారి ఎదురైనప్పుడు ఈ నియంత్రణ ఏ దశలో విఫలమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. క్షేత్రస్థాయిలో విస్తరణ సిబ్బంది చేపట్టదగిన చర్యలను సూచిస్తుంది.

ముఖ్య పదాలు: మూత్రపిండం, గుచ్ఛగాలనం, స్వయం నియంత్రణ, రెనిన్, ఉష్ణ ఒత్తిడి, వ్యవసాయ కార్మికులు

ఉపోద్ఘాతం

నేల తేమ, మొక్కల నీటి అవసరం, బాష్పోత్సేకం వంటి అంశాలను వ్యవసాయ శాస్త్రం ఎంతో నిశితంగా కొలుస్తుంది. ఏ దశలో పైరు బెట్టకు గురైతే దిగుబడి ఎంత తగ్గుతుందో విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే నేర్చుకుంటారు. అదే పొలంలో, అదే ఎండలో పనిచేసే మనిషి శరీరంలోని నీటి లెక్క మాత్రం పాఠ్యాంశాలలో అరుదుగా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోనూ, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికా పసిఫిక్ తీరంలోనూ వ్యవసాయ పనులు చేసేవారిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా కనిపించడంతో ఈ లోటు ప్రాధాన్యం సంతరించుకున్నది. ఈ వ్యాధిపై జరుగుతున్న చర్చను సరిగా అర్థం చేసుకోవాలంటే ముందుగా ఆరోగ్యవంతమైన మూత్రపిండం తన రక్తప్రవాహాన్ని, వడపోతను ఎట్లా అదుపు చేసుకుంటుందో తెలియాలి.

నిర్మాణం: రెండు తూముల నడుమ మడి

ఒక్కొక్క మూత్రపిండం సుమారు 150 గ్రాముల బరువు ఉంటుంది. దానిలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ ఆరంభంలో బౌమన్ గుళిక, దానిలో ఒదిగిన రక్తకేశనాళికా గుచ్ఛం ఉంటాయి. ఈ గుళికను 1842లో ఆంగ్ల శాస్త్రవేత్త విలియం బౌమన్ వర్ణించాడు. ఇంచుమించు అదే కాలంలో జర్మనీకి చెందిన కార్ల్ లుడ్విగ్, మూత్రం తయారీకి తొలి మెట్టు పీడనంతో జరిగే వడపోతేనని ప్రతిపాదించాడు.

శరీరంలోని ఇతర భాగాలలో రక్తం ధమనిక నుంచి కేశనాళికలకు, అక్కడి నుంచి సిరికకు చేరుతుంది. మూత్రపిండంలో అట్లా కాదు. ఇక్కడ గుచ్ఛానికి రక్తాన్ని తెచ్చే అభివాహి ధమనిక ఒకటి, గుచ్ఛం నుంచి రక్తాన్ని తీసుకుపోయే అపవాహి ధమనిక మరొకటి ఉన్నాయి. అంటే కేశనాళికలకు ముందూ వెనుకా కూడా కండరంతో కూడిన ధమనికలే ఉన్నాయి. ఈ ఒక్క నిర్మాణ విశేషమే తరువాతి నియంత్రణకంతటికీ ఆధారం.

ఎగువ తూము, దిగువ తూము ఉన్న వరి మడితో దీనిని పోల్చవచ్చు. మడిలో నిలిచిన నీటి లోతు భూమిలోకి ఇంకే నీటిని నిర్ణయిస్తుంది. ఎగువ తూమును మూస్తే మడిలోకి వచ్చే నీరు, నిలిచే నీరు, ఇంకే నీరు మూడూ తగ్గుతాయి. దిగువ తూమును కొంత మూస్తే మడి గుండా సాగే ప్రవాహం తగ్గుతుంది కాని నిలిచిన నీటి లోతు పెరిగి, ఇంకుడు నిలకడగా ఉంటుంది లేదా పెరుగుతుంది. అభివాహి ధమనిక సంకోచిస్తే రక్తప్రవాహం, వడపోత రెండూ తగ్గుతాయి. అపవాహి ధమనిక ఒక మోస్తరుగా సంకోచిస్తే రక్తప్రవాహం తగ్గినా వడపోత నిలబడుతుంది. అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉన్నది. అపవాహి ధమనిక మితిమీరి సంకోచిస్తే గుచ్ఛంలో రక్తం నెమ్మదించి, అందులోని ప్రోటీన్ల గాఢత పెరిగి, చివరకు వడపోత కూడా తగ్గుతుంది.

వడపోతను నిర్ణయించే పీడనాలు

గుచ్ఛంలో మూడు పీడనాలు పనిచేస్తాయి. కేశనాళికలలోని రక్తం ద్రవాన్ని బయటకు నెట్టే పీడనం సుమారు 60 మి.మీ. పాదరసం. దీనికి ఎదురుగా బౌమన్ గుళికలోని ద్రవ పీడనం సుమారు 18 మి.మీ., ప్లాస్మా ప్రోటీన్ల ద్రవాభిసరణ పీడనం సుమారు 32 మి.మీ. ఉంటాయి. 60 నుంచి 50 తీసివేయగా మిగిలే 10 మి.మీ. పీడనమే నికర వడపోత పీడనం. ఇంత స్వల్పమైన మిగులుతోనే నిమిషానికి సుమారు 125 మి.లీ. ద్రవం వడపోతకు గురవుతుంది. దీనినే గుచ్ఛగాలన రేటు అంటారు. ఇది రోజుకు 180 లీటర్లు. శరీరంలోని ప్లాస్మా మొత్తం మూడు లీటర్లే కనుక అది రోజుకు దాదాపు 60 పర్యాయాలు వడపోతకు గురవుతుందన్నమాట.

నికర పీడనం ఇంత తక్కువ కావడం వల్ల కలిగే పర్యవసానాన్ని గమనించాలి. గుచ్ఛ పీడనం 60 నుంచి 55కు తగ్గితే, మిగిలిన రెండూ మారనప్పుడు, నికర పీడనం 10 నుంచి 5కు, అంటే సగానికి పడిపోతుంది. నీటి కొరత ఏర్పడిన శరీరంలో పీడనం తగ్గడమే కాక ప్లాస్మా చిక్కబడి ప్రోటీన్ల గాఢత కూడా పెరుగుతుంది. రెండు మార్పులూ వడపోతను ఒకే దిశలో తగ్గిస్తాయి.

రెండు మూత్రపిండాలకూ కలిపి నిమిషానికి 1 నుంచి 1.2 లీటర్ల రక్తం చేరుతుంది. అందులో ప్లాస్మా భాగం సుమారు 625 మి.లీ. అనుకుంటే, 125 మి.లీ. వడపోత దానిలో 20 శాతం. ఈ నిష్పత్తిని వడపోత భాగం అంటారు. విశ్రాంతి సమయంలో మూత్రపిండాలకు వచ్చే రక్తం వాటి ఆక్సిజన్ అవసరాన్ని మించి ఉంటుంది. ఆ రక్తంలో అధిక భాగం వడపోత నిమిత్తమే వస్తుంది. అయితే ఆ రక్తం అవయవంలో సమానంగా పంపిణీ కాదు. వెలుపలి వల్కలానికి 90 శాతం దాకా వెళ్తుంది. లోపలి దవ్వకు పదో వంతు మాత్రమే చేరుతుంది. అందువల్ల దవ్వలోని నాళికా కణాలు ఎప్పుడూ ఆక్సిజన్ కొరత అంచున పనిచేస్తాయి. కాలువ చివరి భూముల పరిస్థితి వాటిది. ప్రవాహం తగ్గినప్పుడు మొదట దెబ్బతినేవి అవే.

వడపోతను కొలవడం: మొక్క అందించిన సాధనం

గుచ్ఛగాలన రేటును నేరుగా చూడలేరు. గుచ్ఛంలో స్వేచ్ఛగా వడపోతకు గురై, నాళికలలో పునఃశోషణం గాని స్రావం గాని చెందని పదార్థం ఒకటి ఉంటే, అది మూత్రంలో వెలువడే వేగాన్ని బట్టి వడపోతను లెక్కించవచ్చు. ఈ లక్షణాలన్నీ ఉన్న పదార్థం ఇన్యులిన్. చికోరీ వేళ్లు, డాలియా దుంపలు పిండిపదార్థానికి బదులుగా నిల్వ చేసుకునే ఫ్రక్టోజ్ గొలుసు ఇది. ఇన్యులా అనే మొక్క వేరు నుంచి 1804లో దీనిని తొలిసారి వేరుచేసినందున ఆ పేరు వచ్చింది.

లెక్క సులభం. ప్లాస్మాలో ఇన్యులిన్ గాఢత మి.లీ.కు 1 మి.గ్రా., మూత్రంలో మి.లీ.కు 125 మి.గ్రా., మూత్రం వెలువడే వేగం నిమిషానికి 1 మి.లీ. అనుకుందాం. నిమిషానికి 125 మి.గ్రా. ఇన్యులిన్ బయటకు వచ్చింది. ప్లాస్మాలో అంత ఇన్యులిన్ ఉండే పరిమాణం 125 మి.లీ. అదే గుచ్ఛగాలన రేటు. ఆ 125 మి.లీ.లో 124 మి.లీ. తిరిగి రక్తంలో చేరిందని కూడా ఈ లెక్కే చెబుతుంది.

వైద్యశాలలలో నిత్యం వాడేది ఇన్యులిన్ కాదు, కండరాలలో సహజంగా తయారయ్యే క్రియాటినిన్. దాని ఉత్పత్తి రోజూ దాదాపు సమానంగా ఉంటుంది కనుక వడపోత సగానికి తగ్గితే రక్తంలో దాని స్థాయి సుమారు రెట్టింపవుతుంది. ఇందులోని చిక్కును ఈ వ్యాసంలో తరువాత చర్చించడమైనది.

స్వయం నియంత్రణ ఎందుకు అవసరం

రక్తపీడనం రోజంతా ఒకే తీరున ఉండదు. నిద్రలో తగ్గుతుంది, బరువు ఎత్తినప్పుడు పెరుగుతుంది. వడపోత కూడా దానితో పాటే మారితే ఏమవుతుంది? సగటు రక్తపీడనం 100 నుంచి 125 మి.మీ.కు పెరిగి, వడపోత అదే నిష్పత్తిలో పెరిగిందనుకుంటే రోజుకు 180 లీటర్ల స్థానంలో 225 లీటర్లు వడపోతకు గురవుతాయి. పునఃశోషణం మారకుండా 178.5 లీటర్ల వద్దే ఉంటే మూత్రం 1.5 లీటర్ల నుంచి 46.5 లీటర్లకు పెరుగుతుంది. శరీరంలోని నీరు వేగంగా హరించుకుపోతుంది. ఆచరణలో ఇట్లా జరగకపోవడానికి కారణం, సగటు ధమనీ పీడనం సుమారు 80 నుంచి 160 మి.మీ. వరకు మారినా మూత్రపిండ రక్తప్రవాహం, వడపోత చాలా స్వల్పంగానే మారడం. నాడులను తొలగించిన మూత్రపిండంలో కూడా ఈ గుణం కనిపిస్తుంది. అందుకే దీనిని స్వయం నియంత్రణ అంటారు.

బిందు సేద్యంతో పరిచయమున్న వారికి ఈ భావన కొత్తది కాదు. పీడన సమతుల్య డ్రిప్పర్‌లో ఒక సాగే పొర ఉంటుంది. గొట్టంలో పీడనం పెరిగితే ఆ పొర వంగి నీటి దారిని ఇరుకు చేస్తుంది. అందువల్ల ఎత్తుపల్లాల నేలలో కూడా ప్రతి మొక్కకూ దాదాపు సమానంగా నీరు అందుతుంది. నిర్ణీత పరిధి కన్న పీడనం తగ్గితే మాత్రం ఆ పొర ఏమీ చేయలేదు. మూత్రపిండం విషయంలోనూ ఇంతే.

మొదటి యంత్రాంగం: కండర ప్రతిస్పందన

రక్తనాళం సాగినప్పుడు దాని గోడలోని నునుపు కండరం తనంతట తానే సంకోచిస్తుందని 1902లో విలియం బేలిస్ వెల్లడించాడు. పీడనం పెరిగి అభివాహి ధమనిక గోడ సాగగానే కండర కణాలలోకి కాల్షియం అయాన్లు ప్రవేశించి సంకోచాన్ని కలిగిస్తాయి. ఈ చర్య కొద్ది సెకన్లలోనే జరుగుతుంది. పీడనం తగ్గితే కండరం సడలి ధమనిక వెడల్పవుతుంది. సన్నని నాళంలో ప్రవాహం దాని వ్యాసార్ధం నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక వ్యాసార్ధం 10 శాతం తగ్గితే ప్రవాహం 34 శాతం తగ్గుతుంది. కంటికి కనిపించనంత చిన్న సంకోచం పెద్ద ఫలితాన్ని ఇవ్వడానికి ఇదే కారణం.

రెండవ యంత్రాంగం: నాళిక నుంచి గుచ్ఛానికి సమాచారం

ప్రతి నెఫ్రాన్ నాళిక దవ్వలోకి దిగి, హెన్లీ శిక్యంగా వంపు తిరిగి, మళ్లీ తన సొంత గుచ్ఛం వద్దకే వచ్చి రెండు ధమనికల నడుమ తాకుతూ సాగుతుంది. ఆ తాకే చోట నాళిక గోడలో మాక్యులా డెన్సా అనే కణాల గుంపు ఉన్నది. తమ ముందు నుంచి పోయే ద్రవంలోని సోడియం క్లోరైడ్‌ను ఈ కణాలు పసిగడతాయి.

వడపోత ఎక్కువైతే నాళికలో ద్రవం వేగంగా సాగి, పునఃశోషణానికి సమయం చాలక, మాక్యులా డెన్సా వద్దకు అధికంగా లవణం చేరుతుంది. అప్పుడు ఆ కణాలు ఏటీపీని విడుదల చేస్తాయి. దాని నుంచి ఏర్పడే అడినోసిన్ అభివాహి ధమనికను సంకోచింపజేస్తుంది, వడపోత తగ్గుతుంది. లవణం తక్కువగా చేరితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు, నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై అభివాహి ధమనికను వెడల్పు చేస్తాయి. అదే సమయంలో ధమనిక గోడలోని కణాలు రెనిన్‌ను స్రవిస్తాయి. కాలువ చివర నీటి మట్టాన్ని చూసి తల తూమును సర్దే లష్కరు పనిని ఈ కణాలు చేస్తున్నాయని చెప్పవచ్చు. కండర ప్రతిస్పందన కన్న ఇది కొంత నెమ్మది. నాళిక గుండా ద్రవం ప్రయాణించవలసి ఉన్నందున అర నిమిషం దాకా పడుతుంది.

ఈ యంత్రాంగానికి రక్షణ విలువ కూడా ఉన్నది. ఆక్సిజన్ చాలక నాళిక కణాలు దెబ్బతింటే అవి లవణాన్ని తిరిగి గ్రహించలేవు. వడపోత ఎప్పటివలె సాగితే శరీరం లవణాన్ని, నీటిని మూత్రంలో కోల్పోతుంది. దెబ్బతిన్న నాళిక నుంచి లవణం ఎక్కువగా రాగానే మాక్యులా డెన్సా ఆ నెఫ్రాన్ వడపోతను తగ్గిస్తుంది. మూత్రం తగ్గడం ఈ దశలో పాక్షికంగా శరీరం చేసుకునే పొదుపు కూడా.

మధుమేహంలో ఇదే యంత్రాంగం తప్పుదారి పడుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు నాళిక తొలి భాగం చక్కెరతో పాటు సోడియంను కూడా అధికంగా పీల్చుకుంటుంది. మాక్యులా డెన్సాకు లవణం తక్కువగా చేరి, వడపోత తగ్గిందన్న తప్పుడు సమాచారం అందుతుంది. అభివాహి ధమనిక వెడల్పై గుచ్ఛ పీడనం అనవసరంగా పెరుగుతుంది. ఈ చక్కెర రవాణాను ఆపే నేటి మందుల పరిశోధన ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో వేరుచేసిన ఫ్లోరిజిన్ అనే పదార్థంతో మొదలైంది.

హార్మోన్లు, నాడులు

రెనిన్‌ను 1898లో స్టాక్‌హోంలో టిగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ కుందేళ్ల మూత్రపిండాలలో కనుగొన్నారు. అది కాలేయం తయారుచేసే యాంజియోటెన్సినోజన్ అనే ప్రోటీన్‌ను యాంజియోటెన్సిన్-1గా మారుస్తుంది. మరొక ఎంజైము దానిని యాంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. ఈ చివరి పదార్థం అపవాహి ధమనికను ప్రధానంగా సంకోచింపజేస్తుంది. మూత్రపిండానికి రక్తం తగ్గినప్పటికీ గుచ్ఛ పీడనాన్ని నిలబెట్టేది ఇదే. దీని ప్రభావంతో అధివృక్క గ్రంథి నుంచి వెలువడే ఆల్డోస్టిరోన్ సోడియం పునఃశోషణాన్ని పెంచుతుంది.

రక్తం చిక్కబడినప్పుడు మెదడు నుంచి విడుదలయ్యే వాసోప్రెసిన్ నీటిని నిలుపుతుంది. మానవ మూత్రపిండం మూత్రాన్ని లీటరుకు సుమారు 1200 మిల్లీ ఆస్మోల్ వరకే గాఢపరచగలదు. రోజుకు విసర్జించవలసిన వ్యర్థాలు సుమారు 600 మిల్లీ ఆస్మోల్. కాబట్టి ఎంత పొదుపు చేసినా రోజుకు అర లీటరు మూత్రం వెలువడక తప్పదు. అంతకన్న తగ్గితే వ్యర్థాలు రక్తంలో పేరుకుపోతాయి.

సహానుభూత నాడులు విశ్రాంతిలో మూత్రపిండంపై పెద్దగా ప్రభావం చూపవు. తీవ్రమైన శ్రమ, రక్తస్రావం, ఉష్ణ ఒత్తిడి వంటి సమయాలలో మాత్రం అవి ధమనికలను బిగించి రక్తాన్ని ఇతర అవయవాలకు మళ్లిస్తాయి. ఇట్టి సమయంలో మూత్రపిండాన్ని కాపాడేవి అది స్వయంగా తయారుచేసుకునే ప్రోస్టాగ్లాండిన్లు. అభివాహి ధమనిక పూర్తిగా మూసుకుపోకుండా అవి అడ్డుపడతాయి.

ఎండలో పని: నియంత్రణ హద్దుకు చేరిన వేళ

పై యంత్రాంగాలన్నీ ఒక వేసవి మధ్యాహ్నం కూలి పని చేసే మనిషిలో ఎట్లా పనిచేస్తాయో వరుసగా చూడవచ్చు. శరీరం చల్లబడాలంటే చర్మానికి రక్తం వెళ్లాలి. తీవ్రమైన వేడిలో చర్మానికి చేరే రక్తం నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల వరకు పెరగగలదు. విశ్రాంతిలో గుండె పంపే మొత్తం రక్తమే 5 లీటర్లు. పనిచేసే కండరాలకు అదనంగా రక్తం కావాలి. గుండె పని పెంచినా చాలనప్పుడు జీర్ణవ్యవస్థ, మూత్రపిండాల వాటాలో కోత పడుతుంది. కఠిన శ్రమలో మూత్రపిండ రక్తప్రవాహం విశ్రాంతి స్థాయిలో సగానికి పడిపోగలదు.

దీనికి చెమట తోడవుతుంది. కాయకష్టం చేసేవారు గంటకు ఒక లీటరు చెమట కోల్పోవడం సాధారణం. ఆరు గంటల పనిలో ఆరు లీటర్లు పోయి, తాగినది రెండు లీటర్లే అయితే లోటు నాలుగు లీటర్లు. 50 కిలోల బరువున్న మనిషికి అది శరీర బరువులో 8 శాతం. ఇంత లోటుకు చేరకముందే రెనిన్, యాంజియోటెన్సిన్, వాసోప్రెసిన్ అన్నీ గరిష్ఠ స్థాయిలో పనిచేస్తుంటాయి. అపవాహి ధమనిక బిగుసుకుని వడపోతను నిలబెడుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు అభివాహి ధమనికను తెరిచి ఉంచుతాయి. ఈ రెండింటి సమతుల్యతపైనే ఆ పూట మూత్రపిండం ఆధారపడి ఉంటుంది.

సరిగ్గా ఇక్కడే నొప్పి నివారణ మాత్రల ప్రమాదం ఉన్నది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి నొప్పిని తగ్గిస్తాయి. విశ్రాంతిలో ఉన్న, నీరు చాలినంత తాగిన ఆరోగ్యవంతునికి ఒక మాత్రతో మూత్రపిండంపై గుర్తించదగిన మార్పు సాధారణంగా రాదు. కాని చెమటతో నీరు కోల్పోయిన కూలీ సాయంత్రం ఒళ్లు నొప్పులకు అదే మాత్ర వేసుకుంటే, అభివాహి ధమనికను తెరిచి ఉంచుతున్న ప్రధాన ఆధారం తొలగిపోతుంది. రక్తపోటుకు యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మందులు, మూత్రం ఎక్కువ చేసే మందులు కూడా వాడుతున్నవారిలో ఎగువ, దిగువ తూములు రెండింటి నియంత్రణా తప్పుతుంది. వీరు రక్తపోటు మందులను తమంతట తాము మానరాదు. నొప్పి మాత్రలను మాత్రం వైద్యుని అడగకుండా వాడరాదు.

ఒక్కరోజు జరిగే ఇట్టి హాని సాధారణంగా నీరు, విశ్రాంతి లభించగానే సర్దుకుంటుంది. అయితే ప్రతి సీజన్‌లో, ఏళ్ల తరబడి పునరావృతమైనప్పుడు కొన్ని నాళికలు కోలుకోక మచ్చకట్టవచ్చునని శాస్త్రవేత్తల అభిప్రాయం.

మిగిలిన నెఫ్రాన్లపై భారం

పుట్టిన తరువాత కొత్త నెఫ్రాన్లు ఏర్పడవు. కొన్ని నశిస్తే మిగిలినవి ఆ భారాన్ని మోస్తాయి. వాటి అభివాహి ధమనికలు వెడల్పై, గుచ్ఛ పీడనం పెరిగి, ఒక్కొక్క నెఫ్రాన్ అధికంగా వడపోస్తుంది. ఒక మూత్రపిండాన్ని దానం చేసినవారు ఆరోగ్యంగా జీవించగలగడానికి ఈ సర్దుబాటే కారణం. కాని నష్టం మరీ ఎక్కువైనప్పుడు అధిక పీడనమే మిగిలిన గుచ్ఛాలను గట్టిపడేటట్లు చేస్తుంది. అప్పుడు తొలి కారణం తొలగిపోయినా వ్యాధి ముందుకు సాగుతూనే ఉంటుంది.

ఈ సర్దుబాటు వల్లనే వ్యాధి చాలాకాలం బయటపడదు. ఒక కూలీ రక్తంలో క్రియాటినిన్ 0.8 మి.గ్రా. ఉన్నదనుకుందాం. అది 1.2కు పెరిగితే చాలా ప్రయోగశాలల నివేదికలో సాధారణ పరిధిలోనే కనిపిస్తుంది. కాని 0.8ని 1.2తో భాగిస్తే వచ్చే మూడింట రెండు వంతులే ఆ వ్యక్తికి మిగిలిన వడపోత. మూడో వంతు అప్పటికే పోయింది. నొప్పి ఉండదు, మూత్రంలో తేడా కనిపించదు. అందుకే ఒక్కసారి చేసిన పరీక్ష కన్న అదే వ్యక్తికి ఏటా చేసిన పరీక్షల పోలిక విలువైనది. పని సీజన్‌కు ముందు, తరువాత చేసే పరీక్షలు మరింత సమాచారం ఇస్తాయి.

ఉద్దానం నుంచి మధ్య అమెరికా వరకు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలతో కూడిన ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలకు ప్రసిద్ధి. ఇక్కడి మూత్రపిండ వ్యాధిగ్రస్తులలో అనేకులకు మధుమేహం గాని, వ్యాధికి ముందు అధిక రక్తపోటు గాని లేవు. మూత్రంలో ప్రోటీన్ తక్కువగా ఉండి, హాని గుచ్ఛాల కన్న నాళికలు, వాటి చుట్టూ ఉన్న కణజాలంలో మొదలైనట్లు కనిపించడం దీని లక్షణం. శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ జిల్లాల వరి రైతులలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు నరికే కూలీలలోనూ ఇట్టి స్వరూపమే ఉన్నది.

ఈ ప్రాంతాలన్నింటికీ ఒకే కారణమని చెప్పడానికి తగిన ఆధారం లేదు. తాగునీటిలోని సిలికా, భార లోహాలు, వ్యవసాయ రసాయనాలు, వంశపారంపర్య లక్షణాలు, ఉష్ణ ఒత్తిడి అన్నీ పరిశీలనలో ఉన్నాయి. ఉద్దానంలో నిశ్చితమైన ఏకైక కారణం ఇప్పటివరకు రుజువు కాలేదు. కనుక విస్తరణ సిబ్బంది ఏదో ఒక్కదానిని కారణంగా ప్రచారం చేయడం శాస్త్రీయం కాదు. ఉష్ణ ఒత్తిడికి బలమైన ఆధారాలు లభించినది మధ్య అమెరికాలో. అక్కడ చెరకు తోటలలో నీడ, తాగునీరు, నిర్ణీత విశ్రాంతి వేళలు కల్పించిన కార్యక్రమాలలో, అవి సక్రమంగా అమలైన చోట, సీజన్‌లో మూత్రపిండ హాని తగ్గింది. విశ్రాంతి ఇచ్చినందున పని తగ్గుతుందన్న భయం నిజం కాలేదు. కారణం ఏదైనా, నీటి కొరతకు గురైన మూత్రపిండం ఇతర హానులను తట్టుకునే శక్తిని కోల్పోతుందన్నది మాత్రం పైన వివరించిన శరీరధర్మం నుంచే తేలుతున్నది.

విస్తరణ కార్యక్రమాలలో చేర్చదగిన అంశాలు

1. పని వేళలు: నాట్లు, కలుపు తీత, మిరప కోత, వేరుశనగ పీకడం వంటి పనులను వేసవిలో తెల్లవారుజామున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆపేటట్లు రైతులకు సూచించాలి. గుత్త పనిలో కూలీలు విశ్రాంతి మానుకుని పనిచేసే అవకాశం ఎక్కువ కనుక వారిపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

2. తాగునీరు: దాహం వేసేదాకా ఆగకుండా 15 నుంచి 20 నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగాలి. గంటకు ఒకటిన్నర లీటరు మించరాదు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్ ద్రావణం చెమటలో పోయిన లవణాన్ని కూడా భర్తీ చేస్తాయి. తీపి శీతల పానీయాలను నీటికి బదులుగా వాడరాదు. గుండె లేదా మూత్రపిండ వ్యాధి ఇప్పటికే ఉన్నవారు ఎంత నీరు తాగాలన్నది వైద్యుడే నిర్ణయించాలి.

3. మహిళా కూలీలు: పొలం దగ్గర మరుగు లేనందున చాలామంది మహిళలు ఉదయం నుంచే నీరు తాగడం మానుకుంటారు. నీరు తాగమన్న సలహా ఒక్కటే వారికి పనికిరాదు. మరుగుదొడ్డి లేదా కనీసం తడికల చాటు ఏర్పాటు చేయడం కూడా ఆ సలహాలో భాగం కావాలి.

4. పిచికారీ: రక్షణ దుస్తులు విషం నుంచి కాపాడుతాయి కాని చెమట ఆరనివ్వవు. దుస్తులు వదలడం పరిష్కారం కాదు. పిచికారీని చల్లని వేళకు పరిమితం చేసి, మధ్య మధ్య నీడలో విరామం ఇవ్వాలి.

5. నొప్పి మాత్రలు: గ్రామ సభలలో, రైతు శిక్షణలలో ఈ అంశాన్ని స్పష్టంగా చెప్పాలి. పని దినాలలో దుకాణంలో కొన్న మాత్రలు రోజూ వేసుకునే అలవాటును మాన్పించాలి.

6. గుర్తులు: ముదురు పసుపు మూత్రం నీటి కొరతకు సూచన. గోధుమ లేదా ఎరుపు రంగు మూత్రం, రోజంతా మూత్రం రాకపోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

7. పరీక్షలు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సహకారంతో కూలీలకు ఏటా క్రియాటినిన్, రక్తపోటు పరీక్షలు చేయించి, పాత నివేదికలను వారి వద్దే భద్రపరచుకునేటట్లు చూడాలి.

ముగింపు

మూత్రపిండం తనకు వచ్చే రక్తాన్ని, తాను చేసే వడపోతను రెండు సన్నని ధమనికల సంకోచ వ్యాకోచాలతో నియంత్రిస్తుంది. ఆ నియంత్రణకు విస్తృతమైన పరిధి ఉన్నది కాని హద్దు కూడా ఉన్నది. మూత్రపిండం హద్దు దాటినప్పుడు పైరు వలె ఆకులు వాల్చి హెచ్చరించదు. నష్టం కొలతకు అందేనాటికే అందులో చాలా భాగం తిరిగి రానిదవుతుంది. పైరుకు నీటి ఎద్దడి రాకుండా తడుల ప్రణాళిక వేసే విస్తరణ శాస్త్రవేత్త, ఆ తడి పెట్టే మనిషికి కూడా నీటి ప్రణాళిక వేయడం వృత్తి ధర్మానికి వెలుపలి విషయం కాదు. నీడ, నీరు, విరామం, సాయంత్రం వేసుకోబోయే మాత్ర గురించి ఒక మాట: ఈ నాలుగింటికీ పెద్ద వ్యయం లేదు. సాగు పద్ధతుల సిఫార్సు పట్టికలో వీటికి కూడా చోటు కల్పించడం అవసరం.